మూడో ప్రకటన

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

ట్రెజరీకి వెళ్లి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చాను. ఏటా ఇదే తంతు. బతికున్నాను అని ఒక సంతకం, మళ్లీ పెళ్లి చేసుకోలేదు అని ఇంకో సంతకం. బతికున్నట్టు వేలిముద్ర మిషన్ ఒప్పుకోవాలి. రెండోదానికి మిషన్ లేదు, మన మాటే.

మా సారు పోయి ఎనిమిదేళ్లు. హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, ఆ సుఖం రెండేళ్లు కూడా అనుభవించలేదు. ఆయన మీద వచ్చే ఫ్యామిలీ పెన్షనే నా తిండి, నా కరెంటు బిల్లు, ఎవరి చేతికిందా లేకుండా బతకడం. దాంతోపాటు హెల్త్ కార్డు. పోయినేడాది కాక ముందటేడు విజయవాడలో నా గుండెకి స్టెంట్ వేసింది ఆ కార్డు మీదే. మందులూ దాని మీదే.

ఇవాళ సంతకం పెడుతుంటే పెన్ను ఆగింది. అబద్ధమేం కాదు. పెళ్లి చేసుకోలేదు. కానీ మా ముందు గదిలో శాంతయ్య ఉన్నాడు.

శాంతయ్యది వినగడప. మామిడి తోటలు పూత మీద ఉండగానే కాపు కొనుక్కుని, కాయ దింపి అమ్ముకుంటాడు. భార్య పోయింది. ఉన్న ఒక్క కూతురికీ పెళ్లయింది. మా క్యాథలిక్ గుడిలో డోలక్ వాయిస్తాడు. పోయినేడు వానలకి అతను ఉంటున్న గది గోడ కూలితే మా ముందు గదిలోకి అద్దెకి వచ్చాడు. నేను ఆదివారం పిల్లలకి సత్యోపదేశం చెప్తాను కాబట్టి నన్ను టీచరు గారూ అంటాడు. వచ్చిన కొత్తలో ఎవరి టీ వాళ్లదే. తర్వాత ఒకే గిన్నెలో పెట్టాను. తర్వాత కూర. ఆ తర్వాతది రాయను. అరవై రెండేళ్లు నాకు. డైరీకైనా కొంచెం సిగ్గు ఉండాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

పూజ అయ్యాక ఫాదర్ గారు లోపలి గదిలోకి పిలిచారు. కుర్రాడు, నా కొడుకు కంటే చిన్నవాడు. పాపం ఆయనకే చెమటలు పట్టాయి. జనం అనుకుంటున్నారు టీచరు గారూ అన్నారు. ఏమనుకుంటున్నారు ఫాదర్ అన్నాను. చాలాసేపు మైకు వైరు చుట్టారు. చుట్టి, మళ్లీ విప్పి, చివరికి చెప్పారు. పెళ్లి లేకుండా ఒక ఇంట్లో ఉంటే పూజలో నాలుక మీద పెట్టే సత్ప్రసాదం ఇవ్వడం కుదరదట. పెళ్లన్నా చేసుకోండి, ఆయన్ని వేరే ఇంట్లోనన్నా ఉండమనండి, అప్పటిదాకా ముందుకి రావద్దు అన్నారు. పిల్లల క్లాసు కూడా కొన్నాళ్లు సిస్టర్ గారు చూసుకుంటారట.

ఇన్నేళ్లూ ఆ పిల్లలకి నేను నేర్పిందే ఆయన నాకు చెప్పారు.

ఫిబ్రవరి 10

కోపం తగ్గలేదు. శాంతయ్య మీద కూడా. అతనేం చేశాడని.

ఫిబ్రవరి 16, ఆదివారం

సత్ప్రసాదానికి అందరూ లేచారు. నేను లేవలేదు. నన్ను దాటుకుని వెళ్లాలి కదా, మోకాళ్లు పక్కకి తిప్పి దారి ఇచ్చాను. ఒక్కొక్కరూ సారీ టీచర్, సారీ టీచర్ అనుకుంటూ వెళ్లారు. మళ్లీ వచ్చేటప్పుడూ అదే. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు కూడా. బెంచీ మొత్తం మీద నేనొక్కదాన్ని.

సాయంత్రం శాంతయ్య వేరే గది చూసుకుంటానన్నాడు. వద్దన్నాను. ఎనిమిదేళ్లు టీవీతో మాట్లాడాను, అది ఒక్కసారీ తిన్నావా అని అడగలేదు.

మార్చి 1, శనివారం

పొద్దున్నే మా ఊరి సచివాలయంలో పనిచేసే రుచిత వచ్చింది. శాంతయ్యకి వృద్ధాప్య పెన్షన్ వస్తుంది. ఒకటో తారీఖున ఈ పిల్లే ఇంటికి తెచ్చి, వేలిముద్ర వేయించుకుని, ఫోటో తీసుకుని వెళ్తుంది. ఇవాళ ఫోటో తీసుకున్నాక కదల్లేదు. తాతగారూ, ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో మళ్లీ ఎక్కించమంటున్నారు, ఈ ఇంట్లో గవర్నమెంట్ పెన్షనర్ ఉన్నారు గదా, ఒకే ఫ్యామిలీ కింద పడితే మీది ఆగిపోద్దండీ అంది. అద్దెకున్నాడని రాయమ్మా అన్నాను. రాస్తాను మామ్మగారూ, ఎవరన్నా కంప్లైంట్ పెడితే మాత్రం నా మీదకొస్తది అంది. పోతూ పోతూ వంటింట్లోకి ఒక చూపు చూసింది. ఒకే పొయ్యి. మంచి పిల్ల, ఏమీ అనలేదు.

గుడి పెళ్లి చేసుకోమంటుంది. ట్రెజరీ చేసుకుంటే పెన్షన్ లేదంటుంది. సచివాలయం అసలు ఒక పొయ్యి మీద వండుకోవద్దంటుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నాకు పక్కన ఇంకోటి కూడా తవ్వి పెట్టారు.

ఎదురింటి ప్రమీలారాణి గారు సలహా ఇచ్చింది. మా వాళ్లయితే ఏ కొండ మీదకో వెళ్లి దండలు మార్చుకుని వచ్చేస్తారండీ, కాగితం ఎవరడుగుతారు అంది. మాకు అలా కుదరదు. మా గుడిలో పెళ్లంటే రిజిస్టరు. దాని కాపీ గవర్నమెంటుకి వెళ్తుంది. దేవుడికి ఒకటి చెప్పి ట్రెజరీకి ఒకటి చెప్పే వీలు మా వాళ్లు ఉంచుకోలేదు.

మార్చి 9, ఆదివారం

నవీన్ కుమార్ వచ్చాడు. నా కొడుకు. విజయవాడలో ఏదో కంపెనీలో చేస్తాడు. ఎవరు మోశారో వాడికి. గొడవ పెడతాడనుకుని రెడీగా ఉన్నాను. పెట్టలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. నీకు తోడు ఉంటే నాకు సంతోషమేనమ్మా, ఆయన మంచోడే, ఉండండి, ఎవడేమనుకుంటే మనకేంటి, పేపర్ మీదకి మాత్రం ఎక్కించొద్దు అన్నాడు. కన్నకొడుకు తల్లిని పెళ్లి లేకుండా కాపురం చేయమని బతిమాలుతున్నాడు. మా సారు వింటే ఏమనేవారో. మరి సత్ప్రసాదం సంగతేంట్రా అన్నాను. ఇంట్లోనే ప్రేయర్ చేసుకో అమ్మా అన్నాడు.

వాడికి తెలియదు. ఏడేళ్లప్పుడు మా అమ్మ తెల్లగౌను కుట్టి మొదటి సత్ప్రసాదానికి నన్ను తీసుకెళ్లిన దగ్గర్నుంచి మొన్నటిదాకా నేను ఒక్క ఆదివారం కూడా ఆ వరసలో నిలబడకుండా లేను. పురుడు పోసుకున్నప్పుడూ, కరోనాకి గుడి మూసినప్పుడూ తప్ప. సారు పోయిన వారం కూడా నిలబడ్డాను. అది లేకపోతే నేనెవరో నాకే తెలియదు.

వాడి భయం కూడా అబద్ధం కాదు. స్టెంట్ వేసిన రోజు కార్డు జిరాక్సులు పట్టుకుని కౌంటరు కౌంటరుకీ తిరిగింది వాడే. కార్డు లేకపోతే ఏమయ్యేదో వాడికి తెలుసు. వాడి జీతం సంగతి నాకు తెలుసు.

మార్చి 19

పునీత జోజప్ప గారి పండుగ. జోజమ్మ అన్న నా పేరు ఆయనదే, కాబట్టి నా పండుగ కూడా. శాంతయ్య పెనుగొలను తోట నుంచి వస్తూ పిందెలు తెచ్చాడు. పప్పులో వేశాను. తింటుండగా నేనే అడిగాను, పెళ్లి చేసుకుందామా అని.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మీ పెన్షన్ పోద్ది గదా టీచరు గారూ అన్నాడు. పోనీ అన్నాను. మరి కార్డో అన్నాడు. పోనీ అన్నాను. తోటలు కాసిన ఏడు కాస్తాయి, లేనేడు లేవు, నేనేం పెట్టగలనండీ మీకు అన్నాడు. పప్పు చల్లారిపోతుంది తినండి అన్నాను. తల వంచుకుని తిన్నాడు. చెవులు ఎర్రగా అయ్యాయి. అరవై ఆరేళ్ల మనిషి.

ఇప్పుడు ఈస్టర్ ముందు ఉపవాసాల తపస్సు కాలం, పెళ్లిళ్లు చేయరు. ఈస్టర్ అయ్యాక మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఆ తర్వాత పెళ్లి. అప్పటిదాకా శాంతయ్య తోట కాపలా గుడిసెలో పడుకుంటానన్నాడు. ఫాదర్ గారికి చెబితే ఎంత సంతోషించారో, మళ్లీ మైకు వైరు చుట్టారు. సత్ప్రసాదం మాత్రం పెళ్లి పూజలోనే ఇస్తానన్నారు.

భయంగా ఉంది. సంతోషంగా కూడా ఉంది. ఈ రెండింటి మధ్య రాత్రి బీపీ మాత్ర మర్చిపోయాను.

ఏప్రిల్ 27, ఆదివారం

మొదటి ప్రకటన. భార్య మరణించిన శాంతయ్య, భర్త మరణించిన జోజమ్మ, వీరి వివాహానికి ఏదైనా ఆటంకం ఎరిగినవారు తెలియజేయవలెను అని ఫాదర్ గారు చదివారు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నేను తిరిగి చూడలేదు. ముందు వరసలో డోలక్ పక్కన అతని తల మాత్రం కనిపించింది. తలకి నూనె రాసుకుని వచ్చాడు.

మే 4, ఆదివారం

రెండో ప్రకటన. ఈసారి ఎవరూ నవ్వలేదు. జనానికి ఏదైనా రెండోసారికి పాతబడుతుంది. పదిహేనో తారీఖు పెళ్లి. లేత నీలం చీర తీశాను. నవీన్ ఫోన్ ఎత్తడం లేదు.

మే 8, పొద్దున

శాంతయ్యకి ఏదో అయింది. టిఫిన్‌కి వచ్చి కూర్చుని ఇడ్లీ కెలుకుతాడు తప్ప తినడు. కాయ రేటు పడిపోయిందా అంటే కాదంటాడు. ఈ పెళ్లి ఆపేద్దామండీ అన్నాడు, గోడ వైపు చూస్తూ. నాకు ఒళ్లు మండింది. రెండు ప్రకటనలు అయ్యాక ఆపడానికి ఇదేమైనా బస్సా, చెయ్యెత్తితే ఆగడానికి అన్నాను. మరెట్టా ఆగుద్ది అని అడిగాడు. మూడో ప్రకటన చదివినప్పుడు ఎవరో ఒకరు గుడిలో అందరి ముందూ లేచి ఆటంకం ఉందని చెప్పాలి, అలా తప్ప ఆగదు అన్నాను. క్లాసులో పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. పిల్లలకంటే నయం అనుకున్నాను.

మే 11, పదిన్నర

లేచింది శాంతయ్యే.

మే 11, సాయంత్రం

టీ పెట్టుకుని కూర్చున్నాను, రాస్తాను.

మూడోసారి చదివారు. ఆటంకం ఎరిగినవారు తెలియజేయవలెను అన్నారు. కాగితం మడుస్తున్నారు. శాంతయ్య డోలక్ ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు. చప్పుడు కాకుండా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు. లేచి చేతులు కట్టుకున్నాడు. ఆటంకం ఉందండీ ఫాదర్ గారూ అన్నాడు. ఫాదర్ గారికి అర్థం కాలేదు. ఎవరికి అన్నారు. నాకేనండీ, నాకు ఇష్టం లేదండీ అన్నాడు.

అంతే. కూర్చున్నాడు.

గుడి నిండా జనం. అందరి తలలూ నా వైపు తిరిగాయి. అరవై రెండేళ్ల ముసలిదాన్ని పెళ్లికొడుకు వద్దన్నాడు, అందరి ముందూ. ఏ ఆడపిల్లకీ రాకూడదు అనుకునే మాట నాకు ఈ వయసులో వచ్చింది. ఫాదర్ గారు గబగబా పాట ఎత్తమన్నారు. డోలక్ లేకుండానే పాడారు.

నేను చివరిదాకా కూర్చున్నాను. లేచి పోలేదు. నా బెంచీ నాది.

మే 12

ఆడవాళ్లు వస్తున్నారు, చావుకి వచ్చినట్టు. ఈ వయసులో నీకెందుకమ్మా అని ఒకావిడ, మగాళ్లంతా ఇంతే అని ఒకావిడ. టీ ఇచ్చి పంపించాను. శాంతయ్య సామాను లేదు. ఎప్పుడు వచ్చి తీసుకెళ్లాడో. గది ఊడ్చి వెళ్లాడు.

మే 13

ఫాదర్ గారు వచ్చారు. పాపం నాకంటే ఆయనే నలిగిపోయారు. ముందు రోజు వచ్చి నా చెవిలో ఒక్క మాట చెప్పినా ఆపేసేవాడిని కదా టీచరు గారూ, అందరి ముందూ ఎందుకు లేచాడో అన్నారు.

ఎందుకు లేచాడో నాకు తెలుసు. అలా తప్ప ఆగదని టీచరు చెప్పింది కాబట్టి లేచాడు. నేను చెప్పింది తు.చ. తప్పకుండా నమ్మిన ఒకే ఒక్క విద్యార్థి.

ఎందుకు ఆపాడన్నది మాత్రం తెలియదు.

మే 29, గురువారం

వినగడప వెళ్లాను. వెళ్లకూడదనుకుంటూనే బస్సెక్కాను. కూతురు లిడియా ఇంటి వరండాలో శాంతయ్య ఆవకాయకి కాయ కొడుతున్నాడు. నన్ను చూసి కత్తి ఆపలేదు. లిడియా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, లోపలికి వెళ్లిపోయింది.

నేను నిలదీద్దామనే వెళ్లాను. నాకు ఇష్టం లేదు అన్నారు కదా, నా మొహం చూసి చెప్పండి ఆ మాట అన్నాను. అతను కాయల మొహం చూసే చెప్పాడు. రెండో ప్రకటన అయిన మర్నాడు నవీన్ పెనుగొలను తోటలోకి వచ్చాడట. తిట్టాడా అన్నాను. లేదండీ అన్నాడు. నీళ్లు తాగి, నా మందుల చీటీ తీసి, ఇది రక్తం గడ్డ కట్టకుండా, ఇది బీపీకి, ఇది కొలెస్ట్రాల్‌కి, ఇది ఒక్కరోజు మానినా ప్రమాదం అని ఒక్కొక్కటీ వివరంగా చెప్పాడట. ఇక మీద ఇవి మీరు చూసుకోవాలి అంకుల్ అని చీటీ చేతిలో పెట్టి వెళ్లాడట. అంతే చేశాడట.

అప్పుడు హన్నమ్మ గురించి చెప్పాడు. అతని భార్య. ఇన్నాళ్లూ ఆమె పేరు తప్ప ఏమీ చెప్పలేదు. కిడ్నీలు పాడయ్యాయి. ప్రతి మాత్రకీ రేటు అడిగేదట. చెబితే ఆ మాత్రని రెండు ముక్కలు చేసి సగమే వేసుకునేదట. మిగతా సగం కొంగున ముడేసుకునేది. పోయాక చీర మారుస్తుంటే ఆ ముడిలో ముక్కలు దొరికాయట. మిమ్మల్ని కూడా అట్టా చూడలేనండీ టీచరు గారూ అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా అన్నాను. అడిగితే మీరు ఒప్పుకోరు గదా అన్నాడు. అవును, ఒప్పుకోను. నా పెన్షన్, నా గుండె, నా పెళ్లి. మీరూ నవీనూ మామిడిచెట్టు కింద కూర్చుని తేల్చేసుకున్నారు అన్నాను. ఇష్టం లేదని అబద్ధం ఎందుకు చెప్పారు, నిజమే చెప్పొచ్చు కదా అంటే, పెన్షన్ కోసం మీరే మానుకున్నారని జనం అనుకుంటారండీ, తప్పు నా మీద ఉంటే పోద్ది అన్నాడు.

పోనీ మళ్లీ ముందు గదిలోకి రండి, అద్దెకే, జనం సంగతి నేను చూసుకుంటాను అన్నాను. అంత దిగాను. అప్పుడు తలెత్తాడు. అందరూ వరసలోకి లేచినప్పుడు మీరు మోకాళ్లు పక్కకి తిప్పుకుని కూర్చోవడం డోలక్ దగ్గర్నుంచి చూశానండీ, అది ఇంక చూడలేను అన్నాడు. ఇది చూడలేడు, అది చూడలేడు. నన్ను చూడకుండా ఉండటం మాత్రం చేతనవుతుంది.

లిడియా ఒక సంచీలో కాయలు పెట్టి ఇచ్చింది. తీసుకోలేదు. తర్వాత తీసుకున్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒక నిజం రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి రాయాలి. బస్సు కదిలి గాలి తగిలాక ఒంట్లో ఎక్కడో తేలికగా అనిపించింది. మందులకి ఢోకా లేదు అన్న తేలిక. నవీన్ దగ్గర చెయ్యి చాపక్కర్లేదు అన్న తేలిక. పెన్షన్ పోనీ, కార్డు పోనీ అని అంత సులువుగా అన్నదాన్ని, లోపల ఇంత భయపడ్డానా. శాంతయ్యకి నాకంటే ముందే తెలిసిపోయింది. అతన్ని క్షమించగలనేమో. ఆ తేలికని క్షమించలేను.

జూన్ 8, ఆదివారం

సత్ప్రసాదం తీసుకున్నాను. ఇప్పుడు ఏ అడ్డూ లేదు. నా వంతు వచ్చింది, ఫాదర్ గారు అప్పం ఎత్తి చూపించారు. ఆమెన్ అన్నాను. నాలుక మీద పెట్టుకుని బెంచీకి వచ్చి కళ్లు మూసుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగేదాన్ని. ఇవాళ అడగడానికి ఏమీ తోచలేదు.

పిల్లల క్లాసు కూడా తిరిగి ఇచ్చారు. డోలక్‌కి ఎవరో కొత్త కుర్రాడు. తాళం తప్పుతున్నాడు.

నవీన్ ఫోన్ చేశాడు. బాగున్నావా అమ్మా అన్నాడు. బాగున్నాను అన్నాను. వాడూ ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

జూన్ 20

రుచిత బజార్లో కనిపించింది. శాంతయ్య గారి పెన్షన్ వినగడపకి మార్చేశామండీ, ఇబ్బందేం లేదు అంది. అందరికీ అన్నీ సరిపోయాయి.

జూలై 1, మంగళవారం

పెన్షన్ పడింది. ఎనిమిదేళ్లు ఈ డబ్బు ఒకాయన చనిపోయి నాకు ఇచ్చాడు. ఈ నెల ఇంకొకాయన బతికుండి ఇచ్చాడు.

మందుల షాపుకి వెళ్లాను. అన్నీ తెచ్చుకున్నాను. ఒక్కటీ విరవకుండా వేసుకున్నాను.